మొరాయించిన బండి: రాజపాళయంలో ఎద్దుల కాలం నుంచి సెల్ఫ్ కాలం దాకా

కారైనా, స్కూటరైనా, మిల్లు గేటు ముందు నిలిచిన లారీ అయినా మన ఇళ్ళలో దాని పేరు బండే. అది స్టార్ట్ కాకపోతే "మొరాయించింది" అంటాం. ఈ రెండు మాటలూ మోటారు కంటే చాలా పాతవి. బండి అంటే ఎద్దుల బండి. మొరాయించడం ఎద్దు చేసే పని: కాడి మెడ మీద పడగానే నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి కదలనంటుంది.

రాజపాళయంలో మనవాళ్ళు తరతరాలుగా ఉన్నాక, ఆంధ్ర దేశంతో రాకపోకలు పలచబడ్డాక, మోటారు వచ్చింది. అందుకే సెల్ఫ్, ప్లగ్గు, కాయిలు, కార్బురేటరు ఇవన్నీ ఇక్కడి వర్క్‌షాపుల్లోంచి, తమిళం కలిసిన ఇంగ్లీషులో మన నోటికొచ్చాయి. పార్టుల పేర్లు అరువు. జబ్బుల పేర్లు మాత్రం మనవే. బండి దగ్గుతుంది, మూలుగుతుంది, ఊపిరాడక ఆగిపోతుంది, ఎంత పిలిచినా పలకదు. మాటలే కాదు, బండి కదలకపోతే ఏం చూడాలి, ఏది ముందు చూడాలి అన్న పద్ధతి కూడా ఎద్దుల దగ్గర్నుంచే మన ఇళ్ళకు వచ్చిందని మేము అనుకుంటున్నాం.

పత్తి మూటలు, మామిడి కాయలు, వడ్లు, అన్నీ ఎద్దుల బండ్ల మీదే తిరిగిన కాలం అది. ఎద్దు మొరాయిస్తే చెర్నాకోల ఎత్తేవాణ్ణి పెద్దవాళ్ళు చేతకానివాడి కింద లెక్కేసేవారని మా ఇంట్లో చెబుతారు. ముందు బరువు చూడాలి. మూటలు ముందుకు జరిగితే కాడి మెడను అణగదొక్కుతుంది. వెనక్కి జరిగితే కాడి పైకి లేచి, మెడ కింద కట్టిన తాడు గొంతు నొక్కుతుంది. బరువు సరిగ్గా ఉంటే ఇరుసు దగ్గర కందెన ఉందా ఎండిపోయిందా, శీల వంగిందా అని చూడాలి. చక్రం బాగుంటే అప్పుడు ఎద్దు: మెడ మీద పుండు, గిట్టలో ముల్లు, నాడా ఊడిందా. బయటి నుంచి లోపలికి, తేలిగ్గా చూడగలిగినదాని నుంచి కష్టమైనదాని దాకా. ఇప్పుడు ఏ మంచి మెకానిక్ అయినా ఇదే వరసలో వెళ్తాడు.

మొదటి మోటార్లకు సెల్ఫ్ లేదు. ముందువైపు హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పాలి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్ కారులో వచ్చింది. కానీ మన దేశంలో హ్యాండిల్ చాలా ఏళ్ళు పోలేదు. అంబాసిడర్ల డిక్కీల్లో కూడా అది పడి ఉండేది. హ్యాండిల్ తిప్పడానికి ఒక క్రమశిక్షణ ఉంది. బొటనవేలు మిగతా వేళ్ళకు ఎదురుగా చుట్టకూడదు, వాటి పక్కనే ఉంచాలి. కింది నుంచి పైకి లాగాలి తప్ప పైనుంచి కిందికి తొయ్యకూడదు. ఎందుకంటే నిప్పు ముందుగా పడితే ఇంజను వెనక్కి తంతుంది. మణికట్టు దగ్గర ఎముక విరగడం అప్పట్లో ఎంత మామూలంటే, డాక్టర్లు ఆ విరుగుడుకి ఇప్పటికీ "షోఫర్స్ ఫ్రాక్చర్" అనే పేరే వాడుతున్నారు. షోఫర్ అనే ఫ్రెంచి మాటకు అసలు అర్థం డ్రైవరు కాదు, నిప్పు రాజేసేవాడు. ఆవిరి బండ్ల రోజుల నాటి మాట. ఆ అర్థం మన వైపు ఎలా నిజమైందో యుద్ధం రోజుల దగ్గర చెబుతాం.

ఈ విద్య పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, విప్పి బిగించడంలోంచి వచ్చింది. దానికి పెద్ద ఉదాహరణ మన తెలుగు మనిషే. కోయంబత్తూరు పక్కన కళంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్నే కొన్నాడని చెబుతారు. కొన్నది తిరగడానికి కాదు. విప్పాడు, బిగించాడు. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నిలబెట్టాడు. తర్వాత మోటార్లు, పాలిటెక్నిక్ చదువు, ఎన్నో యంత్రాలు. ఆయన్ని అందరూ శాస్త్రవేత్త అంటారు, సబబే. మాకు మాత్రం ఆ మొదటి మోటారు సైకిలు పార్టులు నేలమీద పరిచి కూర్చున్న కుర్రాడే ఎక్కువ ఇష్టం. ఏ పార్టు ఎక్కడ కూర్చుంటుందో చేతికి తెలిస్తేనే, అది పనిచెయ్యనప్పుడు అనుమానం ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. కోయంబత్తూరు వెళ్ళేవాళ్ళు అక్కడి జీడీ కార్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. పెట్రోలుకి రేషన్ వచ్చింది. రాజపాళయంలో మిల్లు నడక మొదలై ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు, దూది రావాలి, నూలు పోవాలి. మద్రాసు రాష్ట్రంలో బస్సులకు, లారీలకు వెనక బొగ్గు పొయ్యిలు తగిలించారు. మదురైలో టి.వి. సుందరం అయ్యంగారు తయారుచేయించిన టి.వి.ఎస్. గ్యాస్ ప్లాంట్ వాటిలో పేరున్నది. కర్రబొగ్గును చాలీచాలని గాలిలో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉన్న గ్యాసు వస్తుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజనుకి ఇస్తారు. పెట్రోలుతో వచ్చే బలంలో చాలా భాగం పోతుంది. ఎత్తు ఎక్కాలంటే ప్రయాణికులు దిగి నడిచేవాళ్ళు.

ఆ బస్సు స్టార్ట్ కాకపోతే ఎక్కడ చూడాలి? ప్లగ్గు దగ్గర కాదు, పొయ్యి దగ్గర. క్లీనరు తెల్లవారకముందే బొగ్గు రాజేసి, చేతి పంకా తిప్పి, పక్క గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి చూస్తాడు. గ్యాసు నిలకడగా మండితే ఇంజను తిప్పొచ్చు. టపటపమని ఆరిపోతే బొగ్గు తడిసింది, లేదా ఎక్కడో మూత సరిగ్గా పడక గాలి చొరబడుతోంది, లేదా ఫిల్టరు మసితో పూడుకుపోయింది. ఇంజను ముట్టుకోకుండానే రోగం సగం తేలిపోతుంది. షోఫర్ అన్నమాట అసలు అర్థంలోనే! ఆ గ్యాసు వాసన లేని విషం కూడా. మూసిన షెడ్డులో రాజేస్తే మనిషి నిద్రలోనే పోతాడు. ఆ తరం వాళ్ళకు బండి కదలకపోవడం చికాకు మాత్రమే కాదు, ప్రాణం సంగతి కూడా.

యుద్ధం అయ్యాక జీపులు, ఆ తర్వాత అంబాసిడర్లు, ఫియట్లు, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులు. మా తాత తరం పెట్టిన ప్రశ్నలు మూడే: కరెంటు ఉందా, పెట్రోలు ఉందా, గాలి ఉందా. కానీ వాటికంటే ముందు చెవి. సెల్ఫ్ కొట్టి వినాలి. అసలు చప్పుడే లేకపోతే బ్యాటరీ టెర్మినల్ చూడు, పువ్వు పట్టి ఉంటుంది. వేణ్ణీళ్ళు పోసి కడిగి బిగిస్తే సగం కేసులు అక్కడే తేలిపోయేవి. హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొడితే లైటు బాగా మందగిస్తే బ్యాటరీలో సరుకు లేదు. టకటకటక అంటే అదే మాట. ఒక్కసారి "టక్" అని ఊరుకుని, లైటు మాత్రం తగ్గకపోతే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి పోతుంది. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవట్లేదంటే బ్యాటరీని వదిలెయ్, నిప్పు, పెట్రోలు చూడు. సెల్ఫ్‌ని ఆపకుండా కొట్టేవాణ్ణి చూస్తే తాతకు చెర్నాకోల ఎత్తినవాడే గుర్తొచ్చేవాడు. పది సెకన్లు కొట్టు, కాస్త ఆగు, ఆలోచించు. లేకపోతే ఉన్న బ్యాటరీ కూడా పోతుంది.

ప్లగ్గు విప్పితే అదే చెప్పేస్తుంది. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు, లేదా చోక్ ఎక్కువ లాగి ముంచేశారు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. నిప్పు నీలంగా చురుక్కుమనాలి, పసుపుగా నీరసంగా ఉంటే డిస్ట్రిబ్యూటరు మూత తీసి కాంటాక్ట్ పాయింట్లు చూడాలి. మాడిన పాయింట్లను అగ్గిపెట్టె పక్క గరుకుతో రుద్దడం రోడ్డు మీద అందరూ చేసిందే. (ఇప్పటి కార్లలో తీగ లాగి నిప్పు చూడకండి. ఆ వోల్టేజీ మనిషినీ వదలదు, కంప్యూటరునీ వదలదు.)

మా వైపు అన్నిటికంటే ఎక్కువ మందిని మోసం చేసిన జబ్బు వేపర్ లాక్. మే నెల ఎండలో తెంకాశి, చెంగోట దాటి ఆర్యంకావు కనుమ ఎక్కుతుంటే ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. ఆవిరిని పంపు లాగలేదు. బండి ఆగిపోతుంది, ట్యాంకు నిండా పెట్రోలు ఉంటుంది, ప్లగ్గులో నిప్పు ఉంటుంది, అయినా పలకదు. తెలియనివాళ్ళు కార్బురేటరు విప్పేవారు. విప్పి, తుడిచి, బిగించేసరికి గంట గడిచి గొట్టం చల్లబడి బండి స్టార్ట్ అయ్యేది. కార్బురేటరు బాగుచేశామని వాళ్ళు మురిసిపోయేవారు! తెలిసినవాళ్ళు తడిగుడ్డ పంపు మీద వేసి, నీడలో కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తినేవారు. రెండిటి ఫలితం ఒకటే గానీ, వచ్చే ఏడు కూడా అదే మలుపులో కార్బురేటరు విప్పేది మాత్రం మొదటివాళ్ళే.

ఆ రోజుల్లో బండ్లే మంచివి అనేవాళ్ళతో మేము ఒప్పుకోం. నెలకోసారి రోడ్డు మీద నిలబెట్టిన బండి మంచిదెలా అవుతుంది? అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారులో తప్పు చెప్పే సాకెట్టు ఉండాలి, ఇప్పుడు మన కార్లలోనూ ఉంది. అది మంచికే. కానీ అది ఇచ్చే కోడు ఏ వైపు చూడాలో మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. ఇంట్లో పోతున్నది ఇంకొకటి. మన పిల్లలు "కార్ ఈజ్ డెడ్" అంటున్నారు. చచ్చిపోయిందంటే ఇక అడగడానికేం లేదు. మూలుగుతోందా, దగ్గుతోందా, పలకట్లేదా అని అడిగితే మూడు వేరువేరు దారులు కనిపిస్తాయి. ఆ మాటలు పోతే వాటితో పాటు ఆ వినికిడి కూడా పోతుందని మా భయం.

పోయిన చలికాలంలో మిన్నెసోటాలో ఉన్న మా పిల్ల తెల్లవారి ఫోన్ చేసింది, కారు స్టార్ట్ కావట్లేదని. ఇక్కడ రాజపాళయంలో అప్పుడు సాయంత్రం. ఎనభై దాటిన మా పెదనాన్న ఫోన్ తీసుకున్నారు. "చచ్చిపోయింది తాతా" అంది. "అట్లా చెప్పొద్దమ్మా, సెల్ఫ్ కొట్టి ఫోన్ బోనెట్ దగ్గర పెట్టు" అన్నారు. టకటకటక. "లైటు వెయ్యి. ఇప్పుడు కొట్టు. తగ్గిందా?" తగ్గింది. ఆ చలిలో, సున్నా కింద పద్దెనిమిది డిగ్రీల్లో, బ్యాటరీ తన మామూలు బలంలో సగం కూడా ఇవ్వలేదు, చల్లబడి చిక్కబడిన ఆయిల్లో ఇంజను తిరగడానికి మాత్రం ఇంకా ఎక్కువ బలం కావాలి. పక్కింటివాళ్ళ కారు, కేబుళ్ళు తెప్పించారు. ఎర్రది మన ప్లస్సుకి, తర్వాత వాళ్ళ ప్లస్సుకి. నల్లది వాళ్ళ మైనస్సుకి, చివరి కొస మన ఇంజను మీద రంగులేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. అయిదు నిమిషాలు వాళ్ళ ఇంజను నడవనిచ్చి కొట్టమన్నారు. మొదటిసారి మూలిగింది, రెండోసారి దగ్గింది, మూడోసారి అందుకుంది. "బ్యాటరీ ఎప్పటిది?" అని అడిగారు. అయిదేళ్ళయిందట. "ఇవాళే మార్పించు" అని ఫోన్ మాకిచ్చి కాఫీకి వెళ్ళిపోయారు.