8086 వంశచరిత్ర

కంప్యూటరులో లెక్కలు చేసే భాగమును ప్రాసెసర్ అంటారు. కూడుట, పోల్చుట, దాచుట వంటి కొన్ని ఆదేశాలు మాత్రమే దానికి అర్థమవుతవి. ఆ ఆదేశాల పట్టికకూ, వాటిని వ్రాసే పద్ధతికీ ఆర్కిటెక్చర్ అని పేరు. ఈ అర్థంలో ఆ మాటను 1964లో ఐ.బి.ఎం. సంస్థవారు తమ సిస్టం 360 యంత్రాలతో వాడుకలోకి తెచ్చినారు. చిన్న యంత్రానికి వ్రాసిన ప్రోగ్రాము పెద్దదానిలోనూ నడవవలెనన్నది వారి సంకల్పం. ఆ వంశపు యంత్రాలు నేటికీ తయారవుతున్నవి. అయితే మన బల్లలమీది కంప్యూటర్లలో అధికభాగం మరొక వంశానివి. ఆ వంశకర్త తాత్కాలికావసరం కోసం పుట్టినవాడు.

ఆ రోజులలో అమెరికాలోని ఇంటెల్ సంస్థ ఆశలన్నీ 432 అనే బృహత్తరమైన ప్రాసెసర్ మీద ఉండేవి. ఆ పని ఎంతకూ తెమలలేదు. అంతవరకు అంగడిలో నిలువడానికి ఏదో ఒకటి కావలెనని, 1976లో 8086 రూపకల్పనను స్టీఫెన్ మోర్స్ అనే ఇంజనీరుకు అప్పగించినారు. అటువంటి పని అంతకుముందు వలయాలు గీసేవారిది. మోర్స్ ప్రోగ్రాములు వ్రాసే పక్షంవాడు. 1978 జూన్‌లో వెలువడిన ఆ ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లు సుమారు 29,000.

1981లో 432 రానే వచ్చినది. మందకొడిగా నడచి మరుగునపడినది. అదే సంవత్సరం ఆగస్టులో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరులో 8086కు తమ్ముడైన 8088ని అమర్చినది. ఇక జనం దానికి ప్రోగ్రాములు వ్రాయసాగినారు: పద్దులు, ఉత్తరాలు, ఆటలు. యంత్రం పాతబడితే పారవేయవచ్చును. లక్షలమంది నమ్ముకొన్న ప్రోగ్రాములను పారవేయడం ఎవరి తరం? 1985లో వచ్చిన 386 కూడా ఆ పాత ఆదేశాలను తలదాల్చవలసి వచ్చినది.

ఈ బరువు దించుకొందామని ఇంటెల్ వారు హ్యూలెట్ ప్యాకార్డ్‌తో కలసి 2001లో ఇటానియంను తెచ్చినారు. పాత ప్రోగ్రాములు దానిలో నత్తనడక నడచినవి. 2003లో ప్రత్యర్థి ఎ.ఎం.డి. పాత ఆదేశాలనే 64 బిట్లకు పొడిగించి ఆప్టెరాన్‌ను విడుదల చేసినది. మరుసటి ఏడు ఇంటెల్‌కు కూడా ఆ దారి పట్టక తప్పలేదు. ఇటానియం చివరి సరకు 2021లో వెళ్ళిపోయినది. దాని రూపకర్తలు అసమర్థులని నేననను. ఇతరుల పాత శ్రమకు వెల కట్టడంలో పొరబడినారు.

చేతిలోని ఫోనుది వేరు వంశం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకారన్ అనే చిన్న సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన ఆర్మ్ ప్రాసెసర్ 1985 ఏప్రిల్‌లో తొలిసారి పనిచేసినది. అది త్రాగే విద్యుత్తు అత్యల్పం. 2020లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లను ఇంటెల్ నుండి ఆర్మ్ వంశానికి మార్చినప్పుడు కూడా పాత ప్రోగ్రాములకోసం ఒక అనువాదకుణ్ణి వెంటబెట్టుకొనవలసి వచ్చినది! మూడవది రిస్క్-ఫైవ్. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ ఆదేశావళిని వాడుకొనడానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. మద్రాసు ఐ.ఐ.టి. వారి శక్తి ప్రాసెసర్లు దీనిమీదనే ఆధారపడినవి.

ఇక 8086 సంగతి. నేడు కొన్న దాని వారసుడు కూడా మీట నొక్కగానే మొదట 16 బిట్ల పాత రీతిలోనే కళ్ళు తెరుస్తాడు. పిమ్మట 64 బిట్లలోకి మళ్ళించవలెను. ఈ ఆచారం తీసివేద్దామని 2023లో ఇంటెల్ ప్రతిపాదించినది. 2024లో విరమించుకొన్నది.