గాలిని చదివిన చరిత్రకారుడు

డచ్చివారి పేరు మన తీరమునకు క్రొత్తది కాదు. 1606 నాటికే వారు బందరున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. వారి ఓడల రాకపోకలను నిర్ణయించినది ఋతుపవనము. కావున ఆనాటి సముద్రచరిత్రను గ్రహించుటకు పత్రములతోపాటు గాలిని గూర్చిన తెలివియు వలయునని మేము తలంతుము. హాలండు నౌకాదళమున అధికారిగా పనిచేసి, పిదప చరిత్రకారుడైన యోహాన్ కారెల్ మారినుస్ వార్న్‌సింక్ (1882-1943) గ్రంథములు ఇందుకు నిదర్శనములు.

1929లో ఆయన ప్రకటించిన గ్రంథము పీటర్ డి బిట్టర్ నడపిన ఓడలను గూర్చినది. 1664 క్రిస్మసు సమయమున తూర్పుదేశపు సరకులతో బటావియా విడిచిన ఆ ఓడలు, ఇంగ్లీషువారి కంటబడకుండ, 1665లో నార్వేలోని బెర్గెన్ రేవు చేరెను. నార్వే నేలుచుండిన డెన్మార్కు రాజు కొల్లసొమ్ములో పాలుగోరి ఇంగ్లీషువారితో రహస్యముగ నొడంబడెను. కాని ఆ యాజ్ఞ కోటనాయకునికి వేళకు చేరలేదు. దాడినాడు గాలి రేవునుండి సముద్రమువైపు వీచెను. ఇంగ్లీషువారు అగ్నినౌకలను పంపలేకపోయిరి; ఫిరంగుల పొగ వారినే క్రమ్మెను. డి బిట్టర్ ధైర్యము గొప్పదే. అయినను ఆ గాలిని లెక్కింపక ఆ విజయమును కొలువజాలము.

1930లో వెలువడిన గ్రంథము 1673 నాటి స్కూనెవెల్డ్ యుద్ధమును గూర్చినది. ఇంగ్లీషు, ఫ్రెంచి నౌకలు కూడి, హెచ్చుసంఖ్యతో వచ్చెను. డచ్చి నాయకుడు డి రూయిటర్ జీలండు తీరపు ఇసుకమేటల చాటున లంగరు దించి వేచియుండెను. నేలమీద కూర్చుండి చదువువారికి ఇది పిరికితనమని తోచవచ్చును. మేటల నడుమ పెద్ద ఓడను నడపుటలోని గండమెరిగినవారికి ఇందలి యుక్తి తెలియును. అచ్చట శత్రువునకు సంఖ్యాబలము అక్కరకు రాదు. గాలి యనుకూలించినపుడు తాను వెలువడి తాకవచ్చును. జూన్ 7న శత్రువులు మేటల దాపునకే వచ్చి పోరిరి. 14న అనుకూలమైన గాలితో డి రూయిటరే వెలువడి తాకెను. హాలండు తీరమున సేనను దింపవలెనను శత్రువుల సంకల్పము నెరవేరలేదు.

మన తీరపు చరిత్రయు కొంత డచ్చి పత్రములలో నున్నది. వానిని చదువబోవు మన విద్యార్థులు గ్రంథాలయమునకు పోవుటకు ముందు ఒకమారు బందరు రేవునకు పోయి, పడవవారిని గాలిని గూర్చి అడుగుట మేలని మా యభిప్రాయము.