ల్యూకోట్రయిన్లు: కేంద్రక పొర మీద తయారీ

ల్యూకోట్రయిన్లు తెల్ల రక్తకణాలు కొవ్వు ఆమ్లం నుంచి తయారుచేసే సందేశ అణువులు. ఉబ్బసంలో శ్వాసనాళాలు బిగుసుకుపోవడంలోనూ, వాచిన చోటికి తెల్లకణాలు గుంపుగా చేరడంలోనూ వీటి పాత్ర పెద్దది. స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ సామ్యుయెల్సన్ 1979లో ఈ పేరు పెట్టారు. హిస్టమిన్‌లా ఇవి కణంలో ముందే నిల్వ ఉండవు. అవసరం పడ్డప్పుడే తయారవుతాయి.

ఆ పని ప్రధానంగా కేంద్రకాన్ని చుట్టి ఉన్న జంట పొర మీద జరుగుతుంది. ప్రేరణ అందగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము పొరకు అతుక్కుని, అందులోని కొవ్వు నుంచి 20 కార్బన్ల అరాకిడోనిక్ ఆమ్లాన్ని తెంచుతుంది. అప్పటిదాకా కణద్రవ్యంలోనో కేంద్రకం లోపలో ఉన్న 5-లైపాక్సిజనేజ్ అనే మరో ఎంజైము కూడా అక్కడికే చేరి, ఆ ఆమ్లాన్ని ల్యూకోట్రయిన్ ఎ4గా మారుస్తుంది.

ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైనది ఫ్లాప్ అనే ప్రోటీను. ఎంకే-886 అనే మందు బతికున్న కణాల్లో ల్యూకోట్రయిన్ల తయారీని ఆపేసేది. కణాలను చిదిమి తీసిన 5-లైపాక్సిజనేజ్‌ను మాత్రం ఏమీ చేసేది కాదు. మరి ఆ మందు దేనికి అంటుకుంటోందని వెతికిన మెర్క్ సంస్థ పరిశోధకులకు 1990లో పొరలో పాతుకుని ఉన్న ఈ 161 అమైనో ఆమ్లాల ప్రోటీను దొరికింది. దానంతట అది ఏ రసాయన చర్యా జరపదు. మూడేసి ఒక జట్టుగా పొరలో నిలబడి, 5-లైపాక్సిజనేజ్‌కు అరాకిడోనిక్ ఆమ్లం అందేలా చూస్తుంది.

ఎంజైము ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడ ఉందన్నదే ఇక్కడ కీలకం. అరాకిడోనిక్ ఆమ్లం నీటిలో ఇమడదు. ల్యూకోట్రయిన్ ఎ4 నీరు తగిలితే సెకన్లలో పాడవుతుంది. మేస్త్రీ దగ్గరికి ఇటుకలు చేతి నుంచి చేతికి అందినట్టు, సరుకు పక్కనున్న ఎంజైముకు వెంటనే అందాలి. ఫ్లాప్ కేంద్రకపు లోపలి, వెలుపలి పొరలు రెంటిలోనూ ఉంటుంది. ఎ4కు గ్లూటాథయోన్‌ను చేర్చి ల్యూకోట్రయిన్ సి4ను తయారుచేసే ఎంజైము వెలుపలి పొరలో ఉంటుంది. న్యూట్రోఫిల్ కణాల్లో ఎ4 మరో దారిలో బి4గా మారుతుంది. తోటి కణాలను రప్పించే పిలుపు అదే.

ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ ఈ తయారీని ముట్టుకోదు. సి4, దాని నుంచి పుట్టే డి4, ఇ4 అందుకునే గ్రాహకాన్ని మూసేస్తుంది. జైల్యూటన్ మాత్రం 5-లైపాక్సిజనేజ్‌నే ఆపుతుంది. కొందరు ఉబ్బస రోగులకు ఆస్పిరిన్ వేసుకుంటే ఆయాసం ముంచుకొస్తుంది. అరాకిడోనిక్ ఆమ్లం నుంచే పుట్టి ఈ తయారీని అదుపులో ఉంచే ప్రోస్టాగ్లాండిన్ ఇ2ను ఆస్పిరిన్ తగ్గిస్తుంది. అదుపు సడలగానే ల్యూకోట్రయిన్లు వెల్లువెత్తుతాయి.