లెక్కలో లేని రెండేళ్లు

గుంటూరు కొత్తపేటలో ఆటో ఎక్కి "కుగ్లర్ ఆసుపత్రి" అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. మా అత్తయ్య పుట్టింది అక్కడే, 1943లో. ఆవిడ నోట ఆ పేరు ఎన్నోసార్లు విన్నాను కానీ, కుగ్లర్ అంటే ఏదో ఊరి పేరో, డబ్బిచ్చిన దొర పేరో అనుకునేదాన్ని. ఆవిడ ఒక పెళ్లికాని అమెరికా డాక్టరమ్మ అని నాకు తెలిసింది ఈ మధ్యనే. తెలియడానికి కారణం కూడా చెప్తాను.

మా సంఘంలో స్త్రీల సమాజం కూడికకి ఈసారి నన్ను మాట్లాడమన్నారు. "చిన్న పనుల్లో నమ్మకత్వం" అని అంశం కూడా వాళ్లే ఇచ్చేశారు. నాకెందుకు ఇచ్చారో అర్థమైంది. మూడేళ్లుగా అత్తయ్య మంచం మీద ఉన్నారు. పక్షవాతం. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, రెండు గంటలకోసారి అటు నుంచి ఇటు తిప్పడం, ఇవే నా పనులు. "నీకు దేవుడు పెద్ద పరిచర్య దాచి ఉంచాడమ్మా, ఇదంతా దానికి సిద్ధపాటు" అని పెద్దవాళ్లు ప్రేమగానే అంటారు. నేనూ తలూపుతాను. కానీ నిజం చెప్పొద్దూ, రాత్రి రెండింటికి తడిసిన దుప్పటి బకెట్లో వేస్తున్నప్పుడు, ఇది దేనికి సిద్ధపాటు ప్రభువా అని అడగని రోజు తక్కువ. నలభై ఆరేళ్లొచ్చాయి. తెలుగు బి.ఏ. పట్టా బీరువాలో చీరల కింద ఉంది.

అందుకే కూడికలో చెప్పడానికి యోసేపునీ, గొర్రెలు కాసిన దావీదునీ కాకుండా మన ఊళ్లో తిరిగిన మనిషి ఎవరైనా దొరుకుతారా అని వెతికాను. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అలా దొరికారు.

ఆవిడ పుట్టింది 1856లో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసమే పెట్టిన వైద్య కళాశాలలో చదివి 1879లో డాక్టరయ్యారు. ఆ కాలేజీ పేరు మనకి ఇంకో రకంగా తెలుసు. ఆనందీబాయి జోషి చదివింది అక్కడే. చిత్రం ఏమిటంటే, ఆనందీబాయి వైద్యం నేర్చుకోవడానికి మన దేశం నుంచి అమెరికా చేరిన 1883లోనే, అదే కాలేజీలో నేర్చుకున్న వైద్యంతో కుగ్లర్ మన దేశానికి ఓడ ఎక్కారు. ఒకరికొకరు ఎదురుపడ్డారో లేదో కానీ, ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

డాక్టరయ్యాక రెండేళ్లు నారిస్‌టౌన్‌లో మతి స్థిమితం లేనివాళ్ల ఆసుపత్రిలో, ఆడవాళ్ల విభాగంలో పనిచేశారు. అక్కడి పెద్ద డాక్టర్ కూడా ఒక స్త్రీయే, ఆలిస్ బెన్నెట్. రోగుల్ని కట్టేసి ఉంచే పద్ధతిని మాన్పించడానికి పూనుకున్న మనిషి ఆవిడ. మూడేళ్లుగా రోగి పక్కన ఉన్నదాన్ని కదా, అక్కడ కుగ్లర్ ఏం నేర్చుకుని ఉంటారో ఊహించగలను. చెప్పిన మాట వినని రోగి దగ్గర గొంతు పెంచకుండా ఉండడం పుస్తకాల్లో రాదు.

1882లో గుంటూరు నుంచి ఉత్తరం అందింది. రాసినవారు ఇక్కడి లూథరన్ మిషనరీ రో గారు. ఇక్కడి స్త్రీలకి ఆడ డాక్టరు కావాలని ఆయన విన్నపం. ఆ రోజుల సంగతి మనకి కొంచెం చెప్పుకోవాలి. గుంటూరు అప్పటికి జిల్లా కూడా కాదు, 1904 దాకా కృష్ణా జిల్లాలో భాగమే. రైలు రాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఆడవాళ్లని చేర్చుకోవడం 1875లో మొదలైంది కానీ, చదివి బయటికొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పెద్ద కులాల ఇళ్లల్లో, ఘోషా పాటించే ముస్లిం ఇళ్లల్లో, కాన్పు కష్టమై ప్రాణం పోతున్నా మగ డాక్టరుని లోపలికి రానివ్వరు. 1842 జులై 31న గుంటూరు వచ్చిన హయ్యర్ అయ్యగారు యాభై దాటాక అమెరికా వెళ్లి వైద్యం చదివి మళ్లీ వచ్చారు. అంతటి ఆయన మందు సంచి కూడా చాలా ఇళ్లల్లో వసారాలోనే ఆగిపోయి ఉంటుందని నా అనుమానం.

ఉత్తరం చూసి కుగ్లర్ తమ సంఘపు స్త్రీల మిషనరీ సమాజానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ సమాజం పుట్టి మూడు నాలుగేళ్లే అయింది. వాళ్లు ఏమన్నారు? రమ్మన్నారు, కానీ డాక్టరుగా కాదు. వైద్యపు పని తలకెత్తుకునే స్థితిలో మేం లేం, ఆడపిల్లల బడి పనికీ, ఇళ్లల్లో స్త్రీలకి చదువు చెప్పే పనికీ అయితే పంపుతాం అన్నారు.

నేను ఇక్కడ పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఎంత కష్టపడి సంపాదించిన చదువు! ఆ కాలంలో ఆడదానికి డాక్టరు చదువంటే ఎన్ని మాటలు పడి ఉండాలి! దాన్ని పక్కన పెట్టి పంతులమ్మగా రమ్మంటే? నేనైతే బి.ఏ. పట్టాకే ఇంత బాధపడుతున్నాను.

ఆవిడ సరేనన్నారు. 1883 ఆగస్టులో బయలుదేరి నవంబరు 29న గుంటూరులో దిగారు. అప్పటికి వయసు ఇరవై ఏడు.

తర్వాతి రెండేళ్లే నాకు కావలసిన కథ. ఆవిడ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఆసుపత్రి దగ్గర మొదలుపెడతారు, ఈ రెండేళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మన భాష రాని ఇరవై ఏడేళ్ల అమ్మాయి బళ్లు చూసుకుంటోంది, గడప గడపకీ వెళ్లి ఆడవాళ్లతో కూర్చుంటోంది. తెలుగు నేర్చుకోవాలి. బి.ఏ.లో మాకు పాఠం చెప్పిన మాస్టారు అనేవారు, పరాయి దేశం వాడికి మన 'ళ', 'ణ' పలకడం వస్తే సగం తెలుగు వచ్చినట్టే అని. ఆ అక్షరాలతో పాటు, కడుపులో నొప్పి అంటే ఏ నొప్పో, "ఒంట్లో బాగాలేదు" అంటే నిజంగా ఏం బాగాలేదో, "ముట్టు ఆగింది" అని గొంతు తగ్గించి ఎలా చెప్తారో ఆవిడ ఆ గడపల్లోనే విని ఉండాలి. మన ఆడవాళ్లు రోగం పేరు ఎప్పుడూ సూటిగా చెప్పరు. ఇంటి కబుర్లలో కలిపి చెప్తారు. డాక్టరు కుర్చీలో కూర్చుని అడిగితే బయటికి రానివి అవి.

అంటు పట్టింపు మరో గోడ. తెల్లదొరసాని తాకితే మైల. ఆవిడ చేత్తో ఇచ్చిన మందు మింగాలంటే భయం. అలాంటి ఇళ్లల్లోనే, మొదటి ఏడాది, పంతులమ్మ పని చేస్తూనే ఇళ్లకి వెళ్లి 185 మందికీ, తాను ఉన్న జెనానా ఇంటి దగ్గర 276 మందికీ వైద్యం చేశారు. ఉద్యోగం వైద్యం కాదు, ఆసుపత్రి లేదు. పంపిన సమాజం దృష్టిలో అది ఆవిడ పనే కాదు.

1885 డిసెంబరులో సమాజం మనసు మార్చుకుని ఆవిడని వైద్య మిషనరీగా నియమించింది. ఆ తర్వాతి కథ అందరూ చెప్పేదే, నేనూ త్వరగా చెప్పేస్తాను. మందులిచ్చే చిన్న వైద్యశాలతో మొదలై, 1898 జూన్ 23న యాభై పడకల ఆసుపత్రి తెరిచారు. మేరీ బేర్ అనే ఇంకో డాక్టరు, కేథరిన్ ఫాస్ అనే నర్సు తోడయ్యారు. మన అమ్మాయిలకి నర్సు పని నేర్పారు. ఏలూరు జమీందారు భుజంగరావు గారు కృతజ్ఞతగా రోగుల వెంట వచ్చేవాళ్ల కోసం ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. 1905లో ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జులై 26న, ఆ ఆసుపత్రిలోనే కన్నుమూశారు. వచ్చి నలభై ఆరేళ్లు దాటింది. నా వయసంత కాలం!

కూడికలో చెప్పడానికి ఇది అచ్చంగా సరిపోయే కథ. చిన్న పనిలో నమ్మకంగా ఉంది, పెద్ద పని దొరికింది. రాసుకున్నాను కూడా. రాసుకున్నాక ఎక్కడో ముల్లు గుచ్చుకుంది.

యోసేపు కథైనా, కుగ్లర్ కథైనా మనం చివరి పేజీ చదివి మొదటి పేజీకి వస్తాం. 1884లో వేసవి ఎండలో ఎవరి వాకిట్లోనో నిలబడిన కుగ్లర్‌కి 1898 తెలియదు. సమాజం ఎప్పటికీ మనసు మార్చుకోకపోతే? ఆవిడ బడిపంతులమ్మగానే తిరిగి వెళ్లిపోతే? ఆ 185 మందీ, 276 మందీ వృథా అయ్యేవారా? అందులో ఒక తల్లి బతికి ఉంటే, ఆమె బిడ్డకి తన తల్లి "సిద్ధపాటు" కాదు కదా. ప్రభువు గిన్నెడు చన్నీళ్ల గురించి మాట్లాడినప్పుడు ఆ నీళ్లు తాగినవాడి దాహం కూడా ఆయనకి కనపడే ఉంటుంది.

ఇంకో సంగతి మా ఇంట్లోనే ఉంది. మా అత్తయ్య వాళ్ల అమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో ఆయా. కుగ్లర్ పోయాక చేరారు, ఆవిడని చూడలేదు. కట్టుగుడ్డలు ఉతికి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చుట్టలు చుట్టి పెట్టడం పని. రక్తం మరక చన్నీళ్లలోనే వదులుతుందని, వేణ్ణీళ్లు పోస్తే గట్టిపడిపోతుందని అత్తయ్యకి నేర్పింది ఆవిడే, అత్తయ్య నాకు నేర్పారు. ఆవిడ చుట్టలు చుడుతూనే ముసలావిడయ్యారు. ఏ పెద్ద పనీ రాలేదు. ఏ రాతిపలక మీదా పేరు లేదు. ఆవిడ కథని ఏ అంశం కింద చెప్పాలి?

కూడికకి ముందు రోజు రాత్రి, పక్క సర్దుతూ ఇదంతా అత్తయ్యకి చెప్పాను. మాట ముద్దగా వస్తుంది కానీ బుర్ర చురుకే.

"ఆ దొరసాని మొదటి ఏడు ఎంతమందిని చూసిందన్నావు?"

"రెండూ కలిపితే నాలుగువందల అరవై ఒకరు అత్తయ్యా."

"ఆ పని ఆమెది కాదన్నారుగా. మరి లెక్కెవరు రాశారే?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. నిజమే. ఆ అంకెలు మన దాకా వచ్చాయంటే ఎవరో కూర్చుని రాసిపెట్టి ఉండాలి. ఆవిడే రాసుకుని ఉండొచ్చు అన్నాను.

అత్తయ్యకి వంకరబోయిన మూతితోనే నవ్వొచ్చింది. "పాపం, ఆమెకీ ఉందన్నమాట."

"ఏముంది అత్తయ్యా?"

"ఎవరైనా చూడాలని." కాసేపు ఊరుకున్నారు. "మా అమ్మకి రాయడం రాదు. లేకపోతే ఎన్ని చుట్టలు లెక్కేసేదో."

కూడికలో ఆ అంకెలు చెప్పాను, అత్తయ్య మాట కూడా చెప్పాను. ఆసుపత్రి గురించి చెప్పడానికి టైము మిగల్లేదు. ఇంటికొచ్చేసరికి మావారు అత్తయ్యని తిప్పడం మర్చిపోయారు. చీర మార్చుకోకుండానే వెళ్లి, భుజం కింద చెయ్యి పెట్టి, ఎడమ పక్కకి తిప్పాను. వీపు మీద ఎరుపు ఇంకా రాలేదు.