పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

పండిత రమాబాయి గురించి మనం చాలానే రాసుకున్నాం. కలకత్తా పండితుల చేత ‘పండిత’, ‘సరస్వతి’ అనిపించుకున్న విదుషి. 1882లో హంటర్ కమిషన్ ముందు స్త్రీల చదువు కోసం వాదించిన వక్త. ‘ది హైకాస్ట్ హిందూ వుమన్’ (1887) రచయిత్రి. 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచిన కార్యకర్త. కానీ 1883 సెప్టెంబర్ 29న ఇంగ్లాండులోని వాంటేజ్‌లో ఆమె బాప్తిస్మం తీసుకున్న చోటికి వచ్చేసరికి మన కలాలు కాస్త ఇబ్బంది పడతాయి. ఆనాటి జాతీయవాదులకి అది ద్రోహం, మిషనరీలకి విజయం. ఆ తర్వాత ఆమె తనకి బాప్తిస్మమిచ్చిన చర్చితోనే ఏళ్ళ తరబడి తగవు పడిందన్న సంగతి ఈ ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

ఆ తగవంతా ఉత్తరాల్లో ఉంది. ఎ.బి. షా సంపాదకత్వంలో అవి 1977లో పుస్తకంగా వచ్చాయి. గౌరి విశ్వనాథన్, ఉమా చక్రవర్తి, మీరా కోసంబి రమాబాయిని కొత్తగా చదవడానికి దారి వేశారు. నేను ఆ ఉత్తరాల దగ్గరికి వెళ్ళడానికి పరిశోధన ఒక్కటే కారణం కాదు.

నేను కోస్తాలో ఒక దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. మా అమ్మమ్మకి అక్షరాలు వచ్చింది బైబిలు వల్లే. ఊళ్ళో ఏ గుడి మెట్టూ ఎక్కనివ్వని మనిషి చేతికి ఒక పుస్తకం వచ్చి, ఆమె దాన్ని గొంతెత్తి చదవడమంటే ఏమిటో మా పేటలో ఎవరికీ వివరించక్కర్లేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో, మొగుడు కొడుతున్నాడని మా సంఘంలో ఒకామె పాస్టరు దగ్గరికి వెళితే, లోబడి ఉండమని చెప్పి ఆయన ఇంటికి పంపేశాడు. ఇది న్యాయమేనా అని నేను స్త్రీల కూటంలో అడిగాను. ఆ ఆదివారం ప్రసంగం మొత్తం ‘తిరుగుబాటు ఆత్మ’ మీద సాగింది. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టేనన్నారు. ఆర్నెల్లపాటు ప్రభువు బల్లకి దూరం పెట్టారు. పక్కన కూచునే వాళ్ళు చాప మార్చుకున్నారు. క్షమాపణ చెప్పమని అమ్మ ఏడ్చింది. నేను చెప్పలేదు, సంఘానికి వెళ్ళడం మానేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బైబిలు తెరవలేకపోయాను. ఏ పేజీ తీసినా ఆయన గొంతే వినిపించేది. దేవుడున్నాడా అన్న అనుమానం నాకు పెద్ద పెద్ద పుస్తకాల వల్ల రాలేదు, ఆ ఆదివారాల వల్లే వచ్చింది. ఇలాంటి దాన్ని ఇప్పుడు ఆధ్యాత్మిక హింస అంటున్నారు. అప్పుడు నా దగ్గర ఆ మాట లేదు.

రమాబాయికి కూడా అనుమానం వాంటేజ్‌లో మొదలవలేదు. 1858లో పుట్టిన ఆమె బాల్యం పురాణ కాలక్షేపం చేసే తల్లిదండ్రులతో తీర్థయాత్రల్లోనే గడిచింది. 1870ల కరువులో ఆ కుటుంబం చివరి బియ్యం గింజ అయిపోయాక, పరువు పోగొట్టుకోలేక, తిరుపతిలో ఉన్న ఇల్లు వదిలి చావడానికి అడవిలోకి నడిచింది. పదకొండు రోజులు నీళ్ళతో, ఆకులతో బతికామని ఆమె 1907లో రాసుకుంది. 1874లో తల్లిదండ్రులిద్దరూ పోయారు. దానాలు చేసినా మొక్కులు తీర్చినా ఏ దేవుడూ పలకలేదు. తర్వాత కలకత్తాలో ధర్మశాస్త్రాలు చదివితే, స్త్రీలనీ శూద్రులనీ హీనపరచడంలో వాటన్నిటిదీ ఒకే మాటగా కనిపించింది.

అలాంటి మనిషి ఇంకో పురోహిత వర్గానికి తలవంచుతుందా? వాంటేజ్ కన్యామఠంలో సిస్టర్ జెరాల్డిన్ ఆమెకి ఆధ్యాత్మిక తల్లి. రమాబాయి ఆమెని ప్రేమగా ‘ఆజీబాయి’ అని, అంటే అమ్మమ్మా అని పిలిచేది. ఆ ప్రేమ నిజం. ఆ ప్రేమతో పాటు వచ్చిన పెత్తనమూ అంతే నిజం. త్రిత్వ సిద్ధాంతం బైబిల్లో ఎక్కడుందో చూపించమంది రమాబాయి. చర్చి చెప్పినదాన్నల్లా దేవుడి ఆజ్ఞగా ఒప్పుకోనంది. శిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఉండకూడదా అంది. మగపిల్లలకి పాఠం చెప్పే ప్రస్తావన వస్తే బిషప్పులు వద్దన్నారు. మా దేశంలో మగవాళ్ళ సభల్లోనే మాట్లాడానే అని ఆమె ఆశ్చర్యపోయింది. ఈ ప్రశ్నలన్నిటికీ వాంటేజ్ పెట్టిన పేరు గర్వం. స్వదేశీ పురోహితుల కాడి నుంచి ఎంతో కష్టపడి బయటపడ్డాను, ఇంకో కాడి కిందికి వెళ్ళలేను, నాకూ అంతరాత్మ ఉంది, బుద్ధి ఉంది అన్నది ఆమె జవాబు సారాంశం.

నన్ను ఆపేసింది ఈ జవాబే. చర్చికీ పుస్తకానికీ మధ్య ఆమె ఒక గీత గీసింది. ఆ గీత పట్టుకునే నేను మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

అభిషిక్తుల జోలికి పోవద్దన్న వాక్యంతో మా సంఘంలో ఎన్ని నోళ్ళు మూయించారో లెక్కలేదు. అది 105వ కీర్తనలోది. ముందు వాక్యాలతో కలిపి చదివితే, అక్కడ అభిషిక్తులు అధికారంలో ఉన్నవాళ్ళు కారు. పిడికెడు మంది వలసజీవులు, దేశం నుంచి దేశానికి తిరుగుతున్న పరాయివాళ్ళు. హెచ్చరిక అందింది రాజులకి! బలహీనుల్ని కాయడానికి వచ్చిన మాట బలవంతుడి డాలుగా మారిపోయింది.

దావీదు మీద నేను లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను. ఆయన కూతురు తామారు మీద ఒక్కటీ వినలేదు. రెండవ సమూయేలు 13వ అధ్యాయంలో ఆమె అత్యాచారానికి ముందు వాదిస్తుంది, తర్వాత నెత్తిన బూడిద పోసుకుని కేకలు వేస్తూ వెళుతుంది. ఊరుకోమన్నది అన్న. తండ్రి కోప్పడతాడు గానీ కొడుకునేమీ అనడు. ఫిలిస్ ట్రిబుల్ 1984లో ఈ కథని స్త్రీవాద దృష్టితో చదివింది. పుస్తకం దాచని కేకని పల్పిటు దాచింది.

మన క్రైస్తవ ఇళ్ళకీ చర్చిలకీ ‘ఎబెనెజరు’ అని పేరు పెట్టుకుంటాం. సహాయపు రాయి అని అర్థం. అందులోని ‘ఏజెర్’ అన్న హీబ్రూ మాటే ఆదికాండం రెండో అధ్యాయంలో స్త్రీకి వాడారు. కీర్తనల్లో అదే మాట దేవుడికి వాడారు. దేవుడి విషయంలో ఆసరా అయిన మాట, ఆడదాని దగ్గరికొచ్చేసరికి చాకిరీ ఎందుకైంది?

ఇలా చదివితే అన్నీ చక్కబడతాయని నేననను. ఆడవాళ్ళు సంఘాల్లో మౌనంగా ఉండాలన్న వాక్యం ఎటు తిప్పి చదివినా గుచ్చుకుంటుంది. రమాబాయి బ్రాహ్మణ విదుషి, శాస్త్రాలతో వాదించే అలవాటు ఆమెకి పుట్టుకతో వచ్చింది. మా అమ్మమ్మకి ఆ వసతి లేదు. కేడ్గావ్‌లో రమాబాయి కట్టిన ముక్తి సదన్‌లోనూ చివరికి ఆమె మాటే చెల్లింది. ఆమె విశ్వాసం నాకు రాలేదు. నా సందేహం నాతోనే ఉంది.

అయినా ఆమె చివరి పనిని తల్చుకోకుండా ఉండలేను. గ్రీకు, హీబ్రూ నేర్చుకుని, మామూలు ఆడవాళ్ళకి అర్థమయ్యే తేలిక మరాఠీలోకి బైబిలు మొత్తం అనువదించింది. 1922 ఏప్రిల్ 5న ఆమె పోయాక, 1924లో అది ముక్తి ముద్రణాలయం నుంచి వచ్చింది. దాన్ని అచ్చు వేసింది కరువుల్లోంచి, వైధవ్యాల్లోంచి అక్కడికి చేరిన ఆడవాళ్ళు.

మతాన్ని దాటి వచ్చేశామనుకునే మనలో చాలామందికి ఈ పుస్తకంతో పనిలేదు. కానీ దెబ్బలు తిన్న ఆడమనిషి ఈ రోజుకీ మన దగ్గరికంటే ముందు పాస్టరు దగ్గరికే వెళుతోంది. అక్కడ ఆమె ముందు తెరుచుకునేది ఆ పుస్తకమే. దాన్ని చదివే హక్కు ఆయన ఒక్కడికే వదిలేద్దామా?