గ్రంథస్వామ్యం ఎవరి పక్షం?

వీడియో ఆటల గొడవ సాహిత్య పత్రికకెందుకని అడిగేవారుంటారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. తరువాతి సవరణల్లో కంప్యూటర్ ప్రోగ్రామును కూడా "సాహిత్య కృతి" అన్న నిర్వచనంలోనే చేర్చారు. కవితకూ ఆటకూ గొడుగు ఒకటే అయినప్పుడు, ఆ గొడుగు కింద నిలబడిందెవరో, బయట తడుస్తున్నదెవరో చూడడం విమర్శకుడి పనే.

పాత ఆటను అభిమానులు మళ్లీ తయారు చేస్తే కంపెనీలు నోటీసులిస్తాయి. రచయిత హక్కును కాపాడడానికేనంటాయి. ఆ రచయిత ఎవరు?

1970లలో అటారీ కంపెనీ ఆటల పెట్టెల మీద వాటిని రాసిన ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఉద్యోగి తన 'అడ్వెంచర్' ఆటలో రహస్యపు గది ఒకటి కట్టి, అందులో తన పేరు దాచుకున్నాడు. కంపెనీకి ఆ సంగతి తెలిసేనాటికి అతను ఉద్యోగంలో లేడు. (ఒక గైడు మొత్తం రాసిచ్చి, అట్ట మీద "అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులచే" అని చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ రహస్యపు గది నాకు బాగా అర్థమవుతుంది.)

1981లో అమెరికాలో ఎం.ఐ.టి. చదువు వదిలిన కొందరు కుర్రవాళ్లు జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్ అని పెట్టి, అటారీ వారి 'మిసైల్ కమాండ్' యంత్రానికి తగిలించే అదనపు బోర్డు అమ్మారు. పాత ఆట ఆడి ఆడి జనం ఆరితేరిపోతే నాణేలు తక్కువ పడతాయి. ఈ బోర్డుతో ఆట మళ్లీ కష్టమవుతుంది. అటారీ దావా వేసింది. తీర్పు దాకా పోకుండానే రాజీ కుదిరింది. అసలు తయారీదారు అనుమతి లేనిదే ఇక బోర్డులు అమ్మబోమని కుర్రవాళ్లు ఒప్పుకున్నారు. తమకు ఆటలు చేసిపెట్టమని అటారీయే వాళ్లకు డబ్బిచ్చింది! అప్పటికే వాళ్లు 'పాక్‌మాన్'ను మార్చి మరో ఆట చేసి ఉన్నారు. దాన్ని అమెరికాలో పాక్‌మాన్ అమ్మే మిడ్‌వే కంపెనీకి చూపించారు. 1982లో అదే 'మిస్ పాక్‌మాన్'గా వెలువడి లక్షకు పైగా యంత్రాలు అమ్ముడుపోయింది. లాభం కనిపించగానే నిన్నటి అక్రమం ఇవాళ సరుకైంది.

అంతమాత్రాన అభిమానిని వీరుణ్ణి చేయనక్కరలేదు. బొమ్మా సంగీతమూ మరొకరి శ్రమే. చిన్న రచయిత కథను సినిమావాళ్లు ఎత్తుకుపోతే మనం పట్టుకునేదీ ఈ చట్టాన్నే. అదే 1982లో 'కె.సి. మంచ్‌కిన్' అనే ఆట మీద కేసులో అమెరికా అప్పీలు కోర్టు ఒక గీత గీసింది: దారుల చిక్కులో చుక్కలు ఏరుకునే ఆట ఎవరి సొత్తూ కాదు, కానీ ఆ తినే బొమ్మ రూపమూ దయ్యాల రూపమూ అనుకరించడం తప్పు. ఇది న్యాయమైన గీతేనని నా అభిప్రాయం.

గీత ఎక్కడన్నది కాదు, ఎన్నాళ్లన్నది ప్రశ్న. నింటెండో కంపెనీ 'మెట్రాయిడ్ 2' 1991లో వచ్చింది. దాని నిర్మాత గున్‌పే యొకోయి 1997లో మరణించాడు. కంపెనీ పేరిట ఉన్న కృతికి అమెరికా చట్టం ప్రచురణ నుంచి 95 ఏళ్లిచ్చింది, అంటే 2086 దాకా. ఈలోగా అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ దాదాపు పదేళ్లు శ్రమించి ఆ ఆటను కొత్తగా నిర్మించి 2016 ఆగస్టు 6న ఉచితంగా విడుదల చేశాడు. రోజుల్లోనే తొలగింపు నోటీసులు వచ్చాయి. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో నింటెండో అదే ఆటకు తన సొంత కొత్త రూపాన్ని బజారులో పెట్టింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజారులో దొరకవని 2023 నాటి అధ్యయనమొకటి తేల్చింది.

గ్వాస్తీని తరువాత మూన్ స్టూడియోస్ ఉద్యోగంలోకి తీసుకుంది. 2020లో వచ్చిన ఆ సంస్థ ఆటలో అతని పని ఉంది. నోటీసు తిన్న పదేళ్ల శ్రమను మాత్రం అభిమానులు సవరించుకుంటూ, చేతి నుంచి చేతికి అందించుకుంటూ వచ్చారు.