కాళ్లు ముందు, లెన్స్ తర్వాత

టెలీ లెన్స్ దూరాలను నొక్కేస్తుందని, వైడ్ లెన్స్ ముక్కును పెద్దది చేస్తుందని ఫొటోలు తీసేవాళ్లు అలవాటుగా అంటుంటారు. నిజానికి ఆ రెండు పనులూ చేసేది మనం నిలబడిన చోటు. అక్కణ్నుంచి ఎంత మేర ఫ్రేములో పట్టాలో తేల్చడమే లెన్స్ వంతు. లెన్సులు మార్చి మార్చి వాడేవారికి రోజూ తగిలే మాటలను ఈ తేడా పట్టుకుని చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ఫోకల్ లెంగ్త్: ఎంతో దూరాన ఉన్న వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు లెన్స్ దృక్ కేంద్రానికీ సెన్సర్‌కూ మధ్య ఉండే దూరం ఇది. మిల్లీమీటర్లలో చెబుతారు. లెన్స్ గొట్టం పొడవుకూ దీనికీ సంబంధం లేదు. చోటు మారకుండా 50 మి.మీ. తీసి 100 మి.మీ. బిగిస్తే దూరపు వస్తువు బొమ్మ రెట్టింపవుతుంది. అంతకు మించి ఏమీ జరగదు.

చూపుకోణం: 36×24 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద, మూల నుంచి మూలకు కొలిస్తే, 24 మి.మీ. లెన్స్ సుమారు 84 డిగ్రీలు చూస్తుంది, 50 మి.మీ. 47, 200 మి.మీ. 12. సెన్సర్ చిన్నదైతే బొమ్మ అంచులు తెగిపోతాయి. అందుకే ఫుల్ ఫ్రేమ్ కంటే సెన్సర్ 1.5 రెట్లు చిన్నదైన (1.5 క్రాప్) కెమెరా మీద 50 మి.మీ. లెన్స్, ఫుల్ ఫ్రేమ్ మీది 75 మి.మీ. లెన్స్ చూసినంతే చూస్తుంది.

పర్స్పెక్టివ్: అసలు కీలకం ఇక్కడుంది. ఒకే ఎత్తున్న ఇద్దరు ముందొకరు, 2 మీటర్లు వెనక మరొకరు నిలబడ్డారనుకుందాం. ముందు మనిషికి 2 మీటర్ల దూరం నుంచి 35 మి.మీ.తో తీస్తే వెనక మనిషి సగం ఎత్తే కనిపిస్తాడు. మనం 12 మీటర్ల దూరానికి జరిగి 200 మి.మీ. బిగిస్తే ముందు మనిషి దాదాపు అంతే ఉంటాడు, వెనక మనిషి మాత్రం అతని ఎత్తులో ఏడింట ఆరు వంతులకు పెరుగుతాడు. పెంచింది మనం వెనక్కి వేసిన అడుగులు. కావాలంటే ఆ 12 మీటర్ల నుంచే 35 మి.మీ.తో తీసి మధ్య భాగం కత్తిరించి చూడండి. నిష్పత్తి అదే వస్తుంది.

కంప్రెషన్: దూరాలు నొక్కుకుపోయినట్టు కనిపించడం ఇది. పై నిష్పత్తిని చివరిదాకా లాగితే మనిషి పక్కన చంద్రుణ్ని నిలబెట్టవచ్చు. ఏ వస్తువైనా దాని ఎత్తుకు 110 రెట్ల దూరంలో ఉంటే చంద్రబింబమంతే కనిపిస్తుంది. 1.65 మీటర్ల మనిషిని గుట్ట మీద నిలబెట్టి దాదాపు 180 మీటర్ల అవతలి నుంచి చూస్తే ఇద్దరూ సమానం. 360 మీటర్లకు వెళ్తే చంద్రుడే మనిషికి రెట్టింపు. ఈ లెక్కలో లెన్స్ ప్రస్తావనే లేదు. మరి ఇలాంటి ఫొటోకు 500 మి.మీ. లెన్స్ ఎందుకంటే, 50 మి.మీ.లో సెన్సర్ మీద అర మిల్లీమీటరు కూడా లేని చంద్రబింబం అందులో నాలుగున్నర మిల్లీమీటర్లవుతుంది. పౌర్ణమి నాడు సూర్యాస్తమయం వేళకే చంద్రుడు ఉదయిస్తాడు గనుక మనిషి మీద కూడా కాస్త వెలుగు మిగులుతుంది.

వైడ్: దీనితో మెలకువంతా దగ్గరికి వెళ్లడంలోనే ఉంది. దూరంగా నిలబడి వైడ్ వాడితే ఫొటో నిండా ఖాళీయే. నేల మీది రాయికో పువ్వుకో దగ్గరగా వంగితే అది పెద్దదై, వెనకున్న కొండ ఒదిగిపోతుంది. 24 మి.మీ. లెన్స్ అపర్చర్‌ను ఎఫ్/11 దగ్గర పెట్టి 1.8 మీటర్లకు ఫోకస్ చేస్తే సుమారు 90 సెంటీమీటర్ల నుంచి కొండదాకా స్పష్టంగానే వస్తుంది. ముఖాలకు మాత్రం ఈ దగ్గరితనం పనికిరాదు. 40 సెంటీమీటర్ల నుంచి చూస్తే, చెవుల కంటే 10 సెంటీమీటర్లు ముందున్న ముక్కు వాటితో పోల్చితే పావు వంతు పెద్దదవుతుంది. 2 మీటర్ల నుంచి ఆ తేడా 5 శాతమే. 85 మి.మీ.ని పోర్ట్రెయిట్ లెన్స్ అనడం మనల్ని ఆ దూరంలో నిలబెడుతుందనే. ఫ్రేము అంచుల్లోని ముఖాలు సాగడం ఒక్కటే నిజంగా వైడ్ చేసే పని.

అపర్చర్: లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం ఇది. ఎఫ్-నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ను ఆ రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చే సంఖ్య. ఎఫ్/2.8 దగ్గర 24 మి.మీ. లెన్స్‌కు రంధ్రం 9 మి.మీ. లోపే, 200 మి.మీ. లెన్స్‌కు 71 మి.మీ. బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవాలంటే పెద్ద రంధ్రం కావాలి. 360 మీటర్ల అవతలి మనిషి, చంద్రుడు ఇద్దరూ స్పష్టంగా ఉండాలంటే 500 మి.మీ. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16 దాకా మూయాలి.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్: కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే, గాజు లేని ఉత్త గొట్టం. ట్యూబ్ పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అది కలిపే పెంపు తెలుస్తుంది. 50 మి.మీ. లెన్స్ వెనక 25 మి.మీ. ట్యూబ్ చీమను దాని అసలు పరిమాణంలో సగానికి సెన్సర్ మీద దించుతుంది. దూరపు వస్తువులు మాత్రం ఇక ఫోకస్‌కు రావు.

జూమ్: 1958లో వచ్చిన ‘వర్టిగో’ సినిమాలో దర్శకుడు హిచ్‌కాక్ బృందం కెమెరాను ఒక వైపు జరుపుతూ జూమ్‌ను అందుకు ఎదురుగా తిప్పింది. ఫ్రేములో పట్టే మేర మారకుండా లోతు ఒక్కటే కదిలి, కిందికి దిగే మెట్ల వరస కళ్లముందే సాగిపోయింది. దూరం చేసేదేమిటో, లెన్స్ చేసేదేమిటో ఒకే షాట్‌లో విడదీసి చూపిన పాఠం అది. నిలబడ్డ చోటే రింగ్ తిప్పే సౌకర్యం వల్ల జూమ్ ఈ పాఠాన్ని మరిపిస్తుంది. ముందున్నదీ వెనకున్నదీ ఎంతెంత కనిపించాలో నడిచి తేల్చుకున్నాకే రింగ్ తిప్పితే, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే ప్రైమ్ లెన్స్ నేర్పే క్రమశిక్షణ జూమ్‌కూ వస్తుంది.